వరండా మెట్టు విరిగితే ఎవరికి చెప్పాలి?

(పిట్స్‌బర్గ్ శివారులో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక సివిల్ ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు కాబట్టి సగం మందికి నిద్ర ముంచుకొస్తోందని నాకు తెలుసు. మిగతా సగం మందిలో ఒకాయన ఇందాక పెరుగన్నం దగ్గర అడిగారు, "ఇంటి మరమ్మతుల మీద ప్రసంగం ఏమిటండీ, హోమ్ డిపో సామాన్ల కొట్టుకి వెళ్తే సరిపోదా?" అని. సరిపోతుంది, మనలాంటివాళ్ళకి. కారుంది, కార్డుంది, నిచ్చెన ఎక్కే వయసుంది. లేకపోతే ఎక్కేవాణ్ణి పిలిపించుకునే స్తోమత ఉంది. ఇవేవీ లేనివాళ్ళ ఇళ్ళ గురించి నేను మాట్లాడదామనుకుంటున్నాను. వాటికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. నగరం నుంచి పెన్ హిల్స్ గుడికి వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడండి, కనిపిస్తాయి.

1950లో పిట్స్‌బర్గ్ జనాభా 6,76,806. 2020 జనాభా లెక్కల్లో 3,02,971. ఉక్కు మిల్లులు మూతపడ్డాయి, వయసులో ఉన్నవాళ్ళు పని వెతుక్కుంటూ పోయారు, చాలామంది శివార్లకు మారారు. ఇళ్ళు మాత్రం కొండల మీద అలాగే ఉండిపోయాయి. ఇటుక స్తంభాలతో ముందు వరండా, దానిమీద అల్యూమినియం పందిరి, ఒక మూల ముందుకూ వెనక్కూ ఊగే ఇనుప సోఫా. రోడ్డు నుంచి వరండాకి పదిహేను, ఇరవై మెట్లు. లోపల పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లోనే ఉన్న ఒక పెద్దావిడ. ఇల్లు ఆవిడదే, అప్పు ఎప్పుడో తీరిపోయింది. కానీ నెలనెలా వచ్చే సోషల్ సెక్యూరిటీ డబ్బులో మందులు, గ్యాసు బిల్లు, పన్ను పోగా కప్పు వేయించుకోవడానికి ఏమీ మిగలదు.

అలాంటి ఇంట్లో ముందు పాడయ్యేది వరండాయే. మిగతా ఇంటికి గోడల చాటు ఉంది. వరండా ఎండకీ వానకీ మంచుకీ నేరుగా ఒళ్ళప్పగించి నిలబడుతుంది. పాత చెక్క వరండాల నేల ఎప్పుడైనా గమనించారా? పలకలు ఇంటి గోడ నుంచి వీధివైపుకి పరిచి ఉంటాయి, అడుగుకి దాదాపు పావు అంగుళం వాలుతో. నీళ్ళు బయటికి జారిపోవాలని. పునాది ఒక పక్క కుంగి ఆ వాలు తిరగబడిందా, ప్రతి వానా ఇంటి గోడలోకే. ఇంకోటి, చెక్క నీళ్ళు తాగేది పక్కల నుంచి కాదు, ఎక్కువగా కోసిన కొసల నుంచి. అందుకే పలకల చివర్లు, స్తంభాల పాదాలు ముందు కుళ్ళుతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోతుంది.

దీనికంతటికీ మొదలు ఎక్కడో తెలుసా? చాలాసార్లు చూరు వెంట వాననీళ్ళు పట్టే గట్టర్‌లో ఇరుక్కున్న ఆకుల దగ్గర. ఆకులు అడ్డుపడితే నీళ్ళు గొట్టంలోకి పోకుండా చూరు మీద నుంచి పొంగుతాయి. పొంగిన నీళ్ళు స్తంభం వెంట కారి పాదం దగ్గర నిలుస్తాయి. పాదం కుళ్ళి అర అంగుళం కుంగితే పైన వరండా కప్పు కూడా కుంగి, ఇంటి గోడకి అతికిన చోట సందు పడుతుంది. ఆ సందులోంచి నీళ్ళు ముందుగదిలోకి వస్తాయి. మొదట్లో నిచ్చెన వేసి చేస్తే అరగంట పని. చివర్లో కాంట్రాక్టర్ రాసిచ్చే అంచనా వేల డాలర్లు. మధ్యలో నాలుగైదేళ్ళు గడిచి ఉంటాయి. ఆ నాలుగైదేళ్ళూ రోజూ దాన్ని చూసినవాళ్ళు ఉన్నారు. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు.

ఫిలడెల్ఫియా పడమటి పక్క ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ వరసగా అతుక్కుని ఉన్న ఇళ్ళు, వాటి వరండాల కప్పు కూడా చాలాచోట్ల ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఒకటే. మీ కప్పు బాగుచేయించుకోకపోతే మా వరండా కారుతుంది. అక్కడ "నాకెందుకులే" అనుకునే సౌకర్యం ఎవరికీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పక్కింటి వరండా మెట్టు విరిగింది. మీరు చూశారు. చూసి ఏం చేస్తారు? ఈ దేశంలో అన్నిటికన్నా సులువైన దారి నగరం ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చెయ్యడం. నగరం ఇన్‌స్పెక్టర్‌ని పంపుతుంది. ఆయన మంచివాడే కావచ్చు, ఆయన పని నియమావళి ప్రకారం నోటీసు రాయడం. ఇన్ని రోజుల్లో సరిచేయించకపోతే కోర్టు, జరిమానా. మెట్టుకి డబ్బు లేని మనిషికి జరిమానా. ఫోన్ చేసిన పొరుగువాడు చెడ్డవాడేం కాదు. చూసింది చెప్పుకోవడానికి అతనికి ఆ ఒక్క నంబరే తెలుసు, అంతే.

పొరుగువాళ్ళ మధ్య ప్రేమ తగ్గిపోయింది, పాతకాలం బాగుండేది అని చాలామంది అంటారు. నేను ఆ జట్టులో లేను. ముందు వరండా ఉన్నంత మాత్రాన మనుషులు మంచివాళ్ళైపోరు. వరండా కళ్ళు పక్కింటికొచ్చే చుట్టాల లెక్క కూడా రాసుకుంటాయి. ఇక్కడ వీధిలోకి నల్లజాతి కుటుంబం దిగిన రోజు అదే వరండాల మీద కూర్చున్నవాళ్ళు ఎలా చూశారో ఈ దేశ చరిత్రలో ఉంది. మనకీ చెప్పుకోదగ్గ గొప్పేం లేదు. మన ఊళ్ళలో అరుగుల మీద పంచాయితీలు, పేకాటలు, పురాణ కాలక్షేపాలు అని మురిసిపోతాం. ఆ అరుగు ఎవరు ఎక్కొచ్చు, ఎవరు కింద నిలబడి మాట్లాడాలి అన్నది కులం తేల్చేది. కాబట్టి అరుగు గురించి కవిత్వం చెప్పను. అరుగు చేసే పని ఒక్కటే, ఎవరికి ఏం జరుగుతోందో నలుగురికీ కనిపించేలా చెయ్యడం. కనిపించిన తర్వాత ఆ కబురు ఎటు వెళ్తుంది అన్నది వేరే ఏర్పాటు. ఆ ఏర్పాటు చేసిన మనిషి ఈ ఊరిదే. ఆవిడ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను, ఇబ్బంది పడతారు. (నవ్వులు)

డొరొతీ మే రిచర్డ్‌సన్. నది అవతల సెంట్రల్ నార్త్ సైడ్‌లో ఉండేవారు. గృహిణి, నల్లజాతి మహిళ. 1960లలో ఈ ఊళ్ళో పాడుబడిన పేటలకి ప్రభుత్వం దగ్గర ఉన్న మందు బుల్డోజర్. 1956 నుంచి లోయర్ హిల్ అనే పేట కూలగొట్టారు, సుమారు 8,000 మందిని ఖాళీ చేయించారు. ఆ జాగాలో పెద్ద ఎరీనా కట్టి 1961లో తెరిచారు. నార్త్ సైడ్‌లోనూ అల్లెఘేనీ సెంటర్ పేరుతో పాత బజారు మధ్యభాగం నేలమట్టం చేశారు. రిచర్డ్‌సన్ గారి వీధివాళ్ళు తర్వాతి వంతు తమదేనని భయపడ్డారంటే ఆశ్చర్యం లేదు.

ఆ ఇళ్ళు పాడవడానికి కారణం మనుషుల బద్ధకం కాదు. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీసి, నల్లవాళ్ళున్న పేటలకి, పాత పేటలకి ఎర్ర రంగు వేసింది. అక్కడ అప్పిస్తే మునిగిపోతారని దానర్థం. బ్యాంకులు దశాబ్దాల పాటు అలాగే నడిచాయి. కప్పు మార్చుకోవడానికి అప్పు పుట్టదు. కప్పు మారదు కాబట్టి ఇల్లు పాడవుతుంది. ఇల్లు పాడైంది కాబట్టి "చూశారా, అప్పివ్వకపోవడమే మంచిదైంది" అంటారు.

రిచర్డ్‌సన్ గారు తన వీధి సంఘాన్ని వెంటేసుకుని బ్యాంకుల చుట్టూ, నగర అధికారుల చుట్టూ తిరిగారు. కూల్చొద్దు, బాగుచేసుకోనివ్వండి అన్నారు. చివరికి 16 ఆర్థిక సంస్థలు ఆ పేటలో మామూలు అప్పులు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. బ్యాంకు లెక్కల్లో ఇమడనివాళ్ళ కోసం ఒక ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో తిరుగు నిధి పెట్టారు. మన డ్వాక్రా సంఘాల్లోలాగే ఒకరు కట్టిన వాయిదా ఇంకొకరి కప్పుకి వెళ్తుంది. 1968లో ఒక ట్రైలర్ అద్దెకి తీసుకుని, మనుషుల్ని పెట్టుకుని నైబర్‌హుడ్ హౌసింగ్ సర్వీసెస్ అని బోర్డు కట్టారు.

ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. అందులో నగరం ఇన్‌స్పెక్టర్ కూడా ఉన్నాడు. ఆయన్ని తరిమెయ్యలేదు. ఆయన వచ్చి లోపాలు రాస్తాడు, ఆ కాగితం పట్టుకుని ఇంటావిడ అప్పు ఇచ్చే చోటికి వెళ్తుంది. అదే మనిషి, అదే కాగితం. ఇదివరకు దాని చివర కోర్టు ఉండేది, ఇప్పుడు డబ్బుంది. పొరుగింటివాళ్ళు ఆ సంఘం బోర్డులో కూర్చున్నారు కాబట్టి ఎవరి మెట్లు ఎలా ఉన్నాయో వేరే సర్వే అక్కర్లేకపోయింది. ఇంజనీర్‌గా చెబుతున్నాను, ఇంత పొదుపైన డిజైన్ అరుదు.

ఇది మిగతా నగరాలకి పాకింది. 1978లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి దీనికి జాతీయ సంస్థ ఏర్పాటు చేసింది, ఇప్పుడు దాన్ని నైబర్‌వర్క్స్ అమెరికా అంటున్నారు. రిచర్డ్‌సన్ గారు 1991లో పోయారు. పేటల్లో పనిచేసే స్థానిక నాయకులకి ఆ సంస్థ ఆవిడ పేరు మీదే అవార్డు ఇస్తుంది.

ఇంకో పాయ కూడా ఉంది, శనివారం పాయ అనుకుందాం. 1973లో టెక్సస్‌లోని మిడ్‌లాండ్‌లో కొందరు చర్చివాళ్ళు ఏప్రిల్‌లో ఒకరోజు పెట్టుకుని పేదల ఇళ్ళు బాగుచేయడం మొదలుపెట్టారు. దానికి 'ఏప్రిల్‌లో క్రిస్మస్' అని పేరు. అదే పెరిగి ఇప్పుడు రీబిల్డింగ్ టుగెదర్ అయింది, పిట్స్‌బర్గ్‌లోనూ శాఖ ఉంది. అప్పు కాగితాలు లేవు, వడ్డీ లేదు, చేతులే పెట్టుబడి. కాకపోతే ఒక్క శనివారంలో వందమంది కలిసి వరండాకి రంగు వేయగలరు గానీ కప్పు కింద కుళ్ళిన దూలం మార్చలేరు. ఫొటోలు బాగా వస్తాయి. (నవ్వులు) నేనూ ఆ ఫొటోల్లో ఉన్నాను, అందుకే అంటున్నాను.

మన పెన్సిల్వేనియా రాష్ట్రం 2022లో ఇంకా పెద్ద అడుగే వేసింది. హోల్ హోమ్ రిపేర్స్ అని 12 కోట్ల 50 లక్షల డాలర్లు. ప్రతిపాదించింది ఫిలడెల్ఫియా నుంచి ఎన్నికైన రాష్ట్ర సెనేటర్ నిఖిల్ సావల్, భారతీయ కుటుంబంలో పుట్టినవాడే. ఒక ఇంటికి 50,000 డాలర్ల దాకా సాయం. డబ్బు కౌంటీల ద్వారా, అంటే మన జిల్లాల్లాంటివాటి ద్వారా ఇచ్చారు. ఇందులో తెలివి ఏమిటంటే, అంతకుముందే ఇళ్ళకి చలి ఆపే ఇన్సులేషన్ పొర వేసే ఫెడరల్ పథకం ఉంది, 1976 నుంచీ. కానీ కప్పు కారుతుంటే వాళ్ళు ఇన్సులేషన్ వెయ్యరు, తడిసిపోతుంది కదా. కప్పుకి ఇంకో ఆఫీసు, కరెంటు వైరింగ్‌కి మరో ఆఫీసు. ముసలావిడ మూడు ఆఫీసులు తిరిగి "మీది మా పరిధిలోకి రాదు" అని మూడుసార్లు అనిపించుకునేది. ఈ పథకం ఇంటిని ముక్కలు చెయ్యకుండా మొత్తంగా చూద్దామంది. జనం ఎగబడ్డారు. చాలా కౌంటీల్లో వెయిటింగ్ లిస్టులు పెరిగి దరఖాస్తులు ఆపేశారు. ఆ డబ్బు కోవిడ్ నిధుల నుంచి ఒక్కసారికి వచ్చింది. ఏటా పాడయ్యే కప్పులకి ఒక్కసారి డబ్బు. దీనిమీద నా అభిప్రాయం ఎలాగూ తెలిసిపోతోంది, ముందుకు పోదాం.

దరఖాస్తు పెట్టినా చాలామంది ఒకచోట ఆగిపోతారు. ఇది వింటే మీకు నవ్వొస్తుంది, మన ఊరే గుర్తొస్తుంది. ఇల్లు తాతగారి పేరు మీద ఉంటుంది. తాత పోయి ముప్పై ఏళ్ళు. పిల్లలెవరూ కాగితాలు మార్పించుకోలేదు. మనవరాలు అందులో ఉంటోంది, పన్ను కడుతోంది, కానీ డీడ్‌లో, అంటే ఇంటి దస్తావేజులో ఆమె పేరు లేదు కాబట్టి సాయం ఇవ్వరు. ఫిలడెల్ఫియాలోనే ఇలాంటి ఇళ్ళు 10,000కి పైగా ఉన్నాయని 2021లో ఒక అధ్యయనం తేల్చింది. కత్రినా తుఫాను తర్వాత లూసియానాలో ఇదే గొడవ, తమ సొంత ఇంటికి సాయం కావాలంటే అది తమదని రుజువు చేసుకోలేక కుటుంబాలు నలిగిపోయాయి. మనలో లాయర్లున్నారు, ఇందాక ఇద్దర్ని చూశాను. మీకు సుత్తి పట్టడం రాకపోయినా ఫరవాలేదు. ఒక డీడ్ సరిచేస్తే ఒక కప్పు వేసినట్టే.

ఇవన్నీ ఆస్తి గొడవలేగా, ప్రాణాలతో పనేముంది అనుకుంటున్నారేమో. 1995 జూలైలో షికాగోలో వడగాడ్పులొచ్చాయి. మామూలు కన్నా సుమారు 739 మంది ఎక్కువ చనిపోయారు. చాలామంది ఒంటరి వృద్ధులు, తలుపులు బిగించుకుని లోపలే. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజ శాస్త్రవేత్త తర్వాత పేటపేటా పరిశీలించారు. పక్కపక్కనే ఉన్న రెండు పేటలు, ఎంగిల్‌వుడ్, ఆబర్న్ గ్రెషమ్. రెండూ నల్లవాళ్ళ పేటలే, రెండింట్లోనూ ఒంటరి వృద్ధులు ఎక్కువే. ఎంగిల్‌వుడ్‌లో లక్షకి 33 మంది పోతే ఆబర్న్ గ్రెషమ్‌లో లక్షకి ముగ్గురు. తేడా ఎక్కడంటే, మొదటిదాంట్లో ఇళ్ళు ఖాళీ అయిపోయి, షాపులు మూతపడి వీధి చచ్చిపోయింది. రెండోదాంట్లో కాలిబాటలున్నాయి, కొట్లున్నాయి, వీధి సంఘాలున్నాయి. ఎవరు రెండు రోజులుగా కనిపించలేదో వాళ్ళకి తెలుసు, వెళ్ళి తలుపు కొట్టారు.

మరి మనం? ఏసీ వచ్చింది, టీవీ వచ్చింది, కారు వచ్చింది, ఇంటి ముఖం గ్యారేజీ అయింది, కుర్చీలు వెనక డెక్ మీదికి పోయాయి. ఇది మన తప్పేం కాదు, మనం వచ్చేసరికే అలా కట్టి ఉన్నాయి. రిమోట్ నొక్కి లోపలికి, రిమోట్ నొక్కి బయటికి. ఈ మధ్య కొత్త ఇళ్ళకి మళ్ళీ ముందు వరండా పెడుతున్నారు, సగానికి పైగా ఇళ్ళకి ఉంటోంది. కొన్నిటి వెడల్పు చూస్తే గుమ్మడికాయ పెట్టడానికి తప్ప దేనికీ చాలదు. మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, ముందునుంచి ఇంకొకరు నడవాలంటే కనీసం ఏడెనిమిది అడుగులు లోతుండాలి. కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఈ ఒక్కటి బిల్డర్‌ని అడగండి.

ఇక పని సంగతి. తెలియనివాళ్ళు ముట్టుకోకూడనివి మూడు: కరెంటు, ఏటవాలు కప్పు, పాత రంగు. ఇళ్ళ రంగుల్లో సీసం నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇంటి వరండా రెయిలింగ్‌ని ఉత్సాహంగా శాండ్‌పేపర్ పెట్టి గీకితే ఆ దుమ్ము పసిపిల్లల నోట్లోకి పోతుంది. ఆ పని శిక్షణ ఉన్నవాళ్ళకి వదిలెయ్యండి.

చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. చేపట్టు కమ్మీ బిగించడం, మెట్టు పలక మార్చడం, వరండా లైటు, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ. కొందరు వెంటనే వీల్‌చైర్ ర్యాంపు కడదామంటారు. లెక్క చూడండి. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలి. ముప్పై అంగుళాల వరండాకి ముప్పై అడుగుల ర్యాంపు. మన కొండ ఇళ్ళకి పదిహేను మెట్లు, ఒక్కోటి ఏడంగుళాలు అనుకున్నా 105 అడుగులు. ర్యాంపు ఎదురింటి వంటగదిలో తేలుతుంది. (నవ్వులు) అలాంటి చోట మెట్లకి రెండువైపులా గట్టి కమ్మీలే దిక్కు. ఒకవైపు పెడితే చాలదు, దిగేటప్పుడు బలహీనమైన చెయ్యి అటువైపు వస్తుంది.

మంచు కురిసి ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాట శుభ్రం చెయ్యాలని పిట్స్‌బర్గ్ నియమం. చెయ్యలేని పెద్దవాళ్ళ కోసం నగరమే స్నో ఏంజెల్స్ అని వాలంటీర్లని కలుపుతుంది. కాలేజీ అప్లికేషన్ల కోసం వాలంటీర్ గంటలు వెతుక్కునే పిల్లలూ, వింటున్నారా? పార ఇంట్లోనే ఉంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

ఒక శ్రోత: సాయం చెయ్యబోతే ఎవరైనా పడిపోయి మనమీద కేసు వేస్తే?

న్యాయమైన భయమే. అందుకే పెద్ద పనులకి సంస్థల ద్వారా వెళ్ళమంటాను. వాళ్ళకి బీమా ఉంటుంది, ఇంటివాళ్ళతో ముందే సంతకాలుంటాయి, పని తెలిసిన మనిషి పక్కనుంటాడు. బల్బు మార్చడానికి, ఆకులు ఊడ్చడానికి లాయర్ అక్కర్లేదు.

ఇంకొక శ్రోత: మా పక్కన ఒక ముసలాయన ఉన్నారండీ. గట్టర్ ఊడి వేలాడుతోంది. ఒకసారి అడిగితే మొహం చిట్లించుకుని "అయామ్ ఫైన్" అన్నారు.

అనకేం చేస్తారమ్మా. నలభై ఏళ్ళు మిల్లులో పనిచేసి ఇల్లు సంపాదించుకున్న మనిషిని "మీకు సాయం కావాలా" అంటే అలాగే ఉంటుంది. మీ గట్టర్ శుభ్రం చేసే రోజు అడిగి చూడండి. "నిచ్చెన ఎలాగూ బయటికి తీశాను, అటువైపు కూడా వేసెయ్యనా?" అనండి. లేదా ఆయన్నే సలహా అడగండి, ఈ బ్రాకెట్ ఎక్కడ బిగించాలి అని. వాళ్ళకి మనకన్నా ఎక్కువ తెలుసు, నాకన్నా కూడా. అప్పటికీ వద్దంటే వదిలెయ్యండి, మళ్ళీ చలికాలం ముందు చూడొచ్చు. 311కి మాత్రం చెయ్యకండి.

పేర్లిచ్చేవాళ్ళ కోసం తలుపు దగ్గర కాగితం పెట్టాను. నిచ్చెన ఉన్నవాళ్ళు పేరు పక్కన ఆ మాట కూడా రాయండి. మనుషులు దొరుకుతున్నారు గానీ ఇరవై నాలుగడుగుల నిచ్చెన దొరకడం లేదు.